బండి నసబ్ ఛాసిస్ మీదే ఉంటుంది



మన ఇళ్లలో పాత బండి సంగతి వస్తే రెండు మాటలే వినిపిస్తాయి. ఒకటి, "దాదాజాన్ నడిపిన జీపు, అమ్మొద్దు." రెండోది, "తుప్పు పట్టిన ఇనుము, తూకానికి వేసెయ్యండి." ఈ మాటలు అనేవాళ్లు ఒక పని మాత్రం చెయ్యరు. కిందికి వంగి ఛాసిస్ మీద నంబర్ ఎక్కడుందో వెతకరు. సి-బుక్కు చూస్తారు, టైర్లు చూస్తారు, ఇంజిన్ స్టార్ట్ చేసి పొగ రంగు చూస్తారు. నంబర్ సంగతి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసుకుంటాడులే అనుకుంటారు.

నా రాయ్ సూటిగా చెప్పేస్తాను. ఛాసిస్ నంబర్‌ని మన కళ్లతో చూసి, వేలితో తడిమి, కాగితం మీదికి ఎక్కించుకోకుండా పాత బండిని కొనకూడదు, అమ్మకూడదు, అన్నదమ్ముల మధ్య పంచకూడదు, పాత ఇనుముకి కూడా వెయ్యకూడదు. ఇది మెకానిక్ ఒక్కడికి తెలిస్తే సరిపోయే విషయం కాదు. ఇందులో అమానత్ ఉంది, విరాసత్ ఉంది, మన ఇంటి ఇజ్జత్ కూడా ఉంది.

నంబర్ ప్లేటు ఉంది కదా అంటారేమో. ప్లేటు బండికి తొడిగిన చొక్కా లాంటిది. 1989కి ముందు మన రాష్ట్రంలో మూడక్షరాల నంబర్లు ఉండేవి. ఆ తర్వాత విశాఖ జిల్లా బండ్లకి ఏపీ 31 వచ్చింది. 2019లో జిల్లాల లెక్క తీసేసి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 మొదలుపెట్టారు. మన చోడవరం సంగతే చూడండి. మొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు, చిరునామా మారిపోయింది. బండి కూడా అంతే. యజమాని మారతాడు, రంగు మారుతుంది, ఇంజిన్ మారుతుంది, పక్క రాష్ట్రం నుంచి వస్తే ప్లేటూ మారుతుంది. తయారైన రోజున ఇనుము మీద కొట్టిన నంబర్ ఒక్కటే మారదు. సంబంధం చూసేటప్పుడు మన బుజుర్గులు ఎవరి కొడుకు, ఎవరి మనవడు అని నసబ్ అడుగుతారు కదా. బండికి ఆ నసబ్ ఛాసిస్ నంబరే.

దీని వెనక చరిత్ర కూడా ఉంది. మొదటి రోజుల్లో పెద్ద కార్ల కంపెనీలు అమ్మింది ఛాసిస్, ఇంజిన్ మాత్రమే. పైన బాడీ ఇంకొకరు కట్టేవారు. హైదరాబాద్ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ గురించి వినే ఉంటారు, లోపల తఖ్త్ లాంటి ఎత్తైన సీటు ఉన్న పసుపు రంగు కారు. ఛాసిస్ రోల్స్ రాయిస్‌ది, బాడీ బార్కర్ అనే కంపెనీది. ఆయన 1911లో ఇంతకాల్ అయ్యాక ఆ కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలోకి వచ్చింది. అలాంటి కార్లకి బాడీ మార్చినా, రంగు మార్చినా, ఇది ఫలానా కారు అని చెప్పేది ఛాసిస్ నంబరే. నవాబు కారుకైనా, మన మాడుగుల రోడ్డు మీద తిరిగిన జీపుకైనా ఖాయిదా ఒక్కటే.

జీపు అన్నాను కాబట్టి ఒక ముచ్చట. 1945లో లూధియానాలో పెట్టిన కంపెనీ పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్ అంటే మలిక్ గులాం మొహమ్మద్. బట్వారా తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. మొదట ఉక్కు వ్యాపారం కోసం పెట్టిన ఆ కంపెనీయే తర్వాత మన దేశంలో విల్లీస్ జీపులు బిగించి అమ్మింది. బోర్డు మీద పేరు ఒక్క ఏడాదిలో మారిపోతుంది. లాంగ్ మెంబర్ మీద కొట్టిన నంబర్ డెబ్భై ఏళ్లయినా అలాగే ఉంటుంది, మనం చెరపకపోతే.

ఇక అసలు విషయం. ఆ నంబర్ ఎక్కడ వెతకాలి?

ముందు బండి ఏ రకమో చూసుకోవాలి. జీపు, లారీ లాంటి వాటికి కింద రెండు పొడవాటి ఇనుప దూలాలు ఉంటాయి. వాటినే లాంగ్ మెంబర్లు అంటారు. అడ్డంగా వాటిని కలిపేవి క్రాస్ మెంబర్లు. నిచ్చెన లాంటి ఈ చట్రం మీద నంబర్ కొడతారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 లాంటి కార్లకి ఇలాంటి విడి చట్రం ఉండదు, బాడీయే చట్రం. కాబట్టి వాటి కింద పడుకుని గంటలసేపు వెతికినా ఫాయిదా లేదు. బానెట్ ఎత్తి, ఇంజిన్‌కీ మన కాళ్లకీ మధ్య ఉండే ఇనుప గోడ మీద చూడాలి. దాన్ని ఫైర్‌వాల్ అంటారు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపుల్లో కంపెనీని బట్టి తేడా ఉంటుంది. 1941 నుంచి 1945 దాకా ఒకే నమూనా జీపుని విల్లీస్, ఫోర్డ్ రెండు కంపెనీలూ తయారుచేశాయి. విల్లీస్ జీపుకి ఎడమ లాంగ్ మెంబర్ లోపలి వైపు, ముందు బంపర్‌కి కాస్త వెనకగా చిన్న రేకు ప్లేటు రివెట్లతో బిగించి ఉంటుంది. ఫోర్డ్ జీపుకి అదే ఎడమ లాంగ్ మెంబర్ పైభాగాన, ఇంజిన్ మౌంటింగ్‌కీ ముందు షాక్ అబ్జార్బర్‌కీ మధ్య ఇనుములోకే పంచ్ చేసి ఉంటుంది. ఫోర్డ్ వాళ్లు కొత్తగా తయారుచేసినప్పుడు ఇంజిన్ నంబరూ ఛాసిస్ నంబరూ ఒకటే వేసేవారు. విల్లీస్‌లో అలా కాదు, రెండూ వేరు. ఈ ఒక్క తేడా తెలియక మంచి విల్లీస్‌ని నకిలీ అని షక్ చేసేవాళ్లున్నారు, నంబర్లు కలవని ఫోర్డ్‌ని అసలైనదని ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్లూ ఉన్నారు.

మన దేశంలో తయారైన మహీంద్రా జీపులకైతే కుడి లాంగ్ మెంబర్ నుంచి మొదలుపెట్టండి, ముందు చక్రం చుట్టుపక్కల. దొరక్కపోతే రెండో వైపు కూడా ముందు నుంచి వెనక దాకా చూడండి. పాత బుల్లెట్‌కైతే హ్యాండిల్ తిరిగే చోట, ఫ్రేం తలభాగం మీద నంబర్ ఉంటుంది. ఇంజిన్ నంబర్ క్రాంక్ కేస్ మీద వేరేగా ఉంటుంది. రెండూ రాసుకోవాలి.

ఒక జాగ్రత్త. ఇప్పటి బండ్లకి 17 అక్షరాలు, అంకెల నంబర్ ఉంటుంది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని. ఈ పద్ధతి స్థిరపడింది 1981 ప్రాంతంలో. అంతకు ముందు బండ్లకి ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, నంబర్లు పొట్టిగా ఉంటాయి. "ఇదేంటి భాయి, ఆరంకెలే ఉన్నాయి, మిగతావి చెరిపేశారా?" అని భయపడక్కర్లేదు. సి-బుక్కులో ఉన్నదానితో అక్షరం అక్షరం కలుస్తుందా లేదా అన్నదే చూడాలి. పాత చేతిరాత పుస్తకంలోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 8 బదులు బి, 5 బదులు ఎస్ పడిపోవచ్చు. అలాంటి తేడా కనిపిస్తే బండి కొనకముందే, అమ్మేవాడి చేతే రవాణా శాఖ ఆఫీసులో సరిచేయించాలి. డబ్బు చేతులు మారాక ఆ తక్లీఫ్ పూర్తిగా మన నెత్తిన పడుతుంది.

నంబర్ తుప్పు కింద, ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు కింద, నాలుగు పొరల రంగు కింద దాక్కుని ఉంటుంది. అక్కడికి గ్రైండర్ మాత్రం పట్టుకెళ్లొద్దు. గ్రైండర్ రెండు నిమిషాల్లో తుప్పుతో పాటు అంకెల్నీ తినేస్తుంది. ముందు కిరోసిన్ గుడ్డతో మడ్డి తుడవాలి. రంగు మందంగా ఉంటే పెయింట్ రిమూవర్ రాసి, మెత్తబడ్డాక చెక్కముక్కతో గీకాలి. తుప్పుకి ఇత్తడి వైర్ బ్రష్, అది కూడా చేత్తోనే. తర్వాత టార్చి లైటుని నేరుగా కాకుండా పక్క నుంచి వాలుగా పట్టండి, గాడుల్లో నీడ పడి అంకెలు లేచి కనిపిస్తాయి. సుద్దపొడి రుద్ది పైన తుడిస్తే గాడుల్లో తెల్లగా నిలుస్తుంది. అప్పుడు పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌ని అడ్డంగా రుద్దండి. నంబర్ దానంతట అదే కాగితం మీదికి వస్తుంది. రవాణా శాఖ వాళ్లు అడిగే పెన్సిల్ ప్రింట్ ఇదే. పని అయ్యాక అక్కడ నల్లరంగు దట్టంగా కొట్టకుండా కాస్త గ్రీజు రాసి వదిలేయండి. రేపు మన పిల్లలు చూడాలన్నా సులువుగా దొరుకుతుంది.

అంకెలు అరిగిపోయి కనిపించకపోతే? ఇక్కడే మన షెడ్లలో ఒక చెడ్డ అలవాటు ఉంది. "సి-బుక్కులో నంబర్ ఉంది కదా, అదే మళ్లీ పంచ్ కొట్టేద్దాం." నంబర్ నిజమైనదే, నియ్యత్ కూడా మంచిదే అనుకుందాం. అయినా ఇది తప్పే. చట్టం కళ్లకి అది దిద్దిన నంబర్, దొంగబండి చేసేవాడు చేసే పనీ సరిగ్గా అదే. రెండింటికీ తేడా చూపించే సబూత్ మన దగ్గర ఉండదు. పైగా దిద్దిన సంగతి దాగదు. పంచ్ పడినప్పుడు అంకె కింద ఇనుము లోపలిదాకా నొక్కుకుపోతుంది. పైన అరగదీసినా ఆ నొక్కుడు లోపల మిగులుతుంది. ఫోరెన్సిక్ వాళ్లు ఆసిడ్ కలిపిన ద్రావకం రాస్తే ఆ చోటు చుట్టుపక్కల ఇనుములా కాకుండా వేరేగా కరుగుతుంది, పోయిందనుకున్న అంకె తేలి కనిపిస్తుంది. కాబట్టి కనిపించని నంబర్‌ని మనం రాయకూడదు. దరఖాస్తు పెట్టి, అధికారి చూశాక, ఆయన చెప్పినట్టు చెయ్యాలి. ఆలస్యమవుతుంది, ఖర్చవుతుంది, తిరగాల్సి వస్తుంది. నిజమే. కానీ రోడ్డు మీద ఆపినప్పుడు, నంబర్ దిద్ది ఉందని తేలినప్పుడు, షక్ ముందుగా ఎలాంటి పేరున్న మనిషి మీద పడుతుందో నేను చెప్పక్కర్లేదు. మన కాగితం, మన ఇనుము రెండూ ఒకే మాట చెప్పాలి. మనకి అంతకన్నా మంచి గవాహ్ దొరకడు.

ఇప్పుడు విరాసత్. ఒక ఇల్లు ఊహించుకోండి. దాదా పేరున సి-బుక్కు, ఆయన పోయి ఇరవై ఏళ్లు. అబ్బా నడిపారు, ఆయనా పోయారు. పేరు మార్పించలేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమాని చనిపోతే 30 రోజుల్లో తెలియజెయ్యాలి, బండిని తన పేరుకి మార్చుకోవడానికి 3 నెలల్లో ఫారం 31 పెట్టుకోవాలి. ఎవరు పెట్టారు? ఇప్పుడు ముగ్గురు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్లు. పాత జీపులకి మంచి ధర వస్తోందని విని అమ్ముదామనుకున్నారు. కొనేవాడు వచ్చి నంబర్ చూపించమన్నాడు. ఎప్పుడో లాంగ్ మెంబర్ చీలిందని వెల్డింగ్ మేస్త్రి సరిగ్గా నంబర్ మీదే ఇనుప పట్టీ వేసి అతికేశాడు. ఇక అది బండి కాదు, తూకానికి పోయే ఇనుము. ఆ క్షణాన ఐదుగురి హిస్సా పడిపోయింది. అన్నదమ్ములు ఒకరినొకరు అనుకుంటారు, అక్కచెల్లెళ్లు ఎప్పటిలాగే నోరు మూసుకుని ఇనుము ధరలో హిస్సా తీసుకుంటారు. ఒక పెన్సిల్ ప్రింట్, ఒక ఫారం సరైన కాలంలో ఉండి ఉంటే వాళ్ల హఖ్ వాళ్లకి నిండుగా దక్కేది. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరాలో 282వది, అప్పుల లావాదేవీలు రాసి పెట్టుకోవడం గురించే. రాసి పెట్టుకోవడం మన దీన్‌లో ఇంత పెద్ద విషయమైతే, మన ఇళ్లలో మాత్రం "మనలో మనకి కాగితాలెందుకు" అనేది పెద్ద మనసు కింద చెల్లిపోతోంది.

అమ్మేవాళ్ల సంగతికొస్తే, బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి అడుగున తడి ఉందని చూసి, ఆ తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం వ్యాపారిని అడిగిన సంగతి మనందరికీ తెలుసు. పాత బండికి ఆ తడి గింజలు ఛాసిస్ మీద ఉంటాయి. పట్టీ వేసిన చోటు, తుప్పు తిన్న చోటు, నంబర్ సగం అరిగిన చోటు. మెరిసే రంగు కొట్టి వాటిని కప్పి, "మాల్ ఫస్ట్ క్లాస్ భాయి" అనడం కమాయి అవుతుందా? కొనేవాడు అడగకముందే కిందికి తీసుకెళ్లి టార్చి వేసి చూపించేవాడి బండి వెయ్యి తక్కువకి పోవచ్చు, బర్కత్ మాత్రం ఎక్కడికీ పోదు.

మన ఉస్తాదులతో కూడా ఒక మాట. టింకరింగ్, వెల్డింగ్, పెయింటింగ్ షెడ్లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన ట్రాక్టర్లు, లారీలు, పాడేరు ఘాట్ ఎక్కి సంతలకి తిరిగిన జీపులు ఇలాంటి చేతుల్లోనే మళ్లీ మళ్లీ బతికాయి. "పార్టీ నున్నగా మెరవాలంటాడు, మేం కొట్టిపెడతాం, నంబర్ మా పని కాదు" అనే జవాబు నాకు తెలుసు. రోజుకూలి మీద బతికే మేస్త్రికి చట్టం చదివే తీరిక లేదన్నదీ నిజమే. అందుకే చదవమనట్లేదు. మూడు పనులు చాలు. రంగు కొట్టేముందు నంబర్ మీద టేపు అంటించండి. ఆ చోట వెల్డింగ్ పడాల్సి వస్తే ముందు యజమానిని పిలిచి చూపించండి, రవాణా శాఖని అడగకుండా మొదలుపెట్టొద్దని చెప్పండి. షెడ్డులో ఒక రిజిస్టర్ పెట్టి, వచ్చిన ప్రతి పాత బండి పెన్సిల్ ప్రింట్ తారీఖుతో అతికించండి. షాగిర్దుకి స్పానర్ పట్టడం నేర్పేముందు ఈ రిజిస్టర్ రాయడం నేర్పండి. దొంగబండి మీ షెడ్డుకి రాకుండా ఆ పుస్తకమే కాపలా కాస్తుంది.

పాత ఇనుము వ్యాపారం చేసేవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. బండిని ముక్కలు చేసి, సి-బుక్కుని, నంబర్ ఉన్న ఇనుప ముక్కని వేరేగా అమ్మేవాళ్లున్నారు. ఆ ముక్క ఇంకో బండికి అతుక్కుంటే దొంగబండికి నసబ్ దొరికినట్టే. 2021లో వచ్చిన స్క్రాపింగ్ నిబంధనలు ఛాసిస్ నంబర్ ఉన్న ముక్కని కోసి భద్రంగా ఉంచాలని చెప్పడానికి కారణం అదే. మన ఇంటి బండిని తూకానికి వేసినా, దాని రిజిస్ట్రేషన్ రద్దు చేయించి ఆ కాగితం తీసుకునే దాకా పని అయిపోలేదు. దాదా పేరు మీదున్న నంబర్ రేపు ఏ కేసులో తేలుతుందో ఎవరికి తెలుసు?

"వింటేజ్ అంటే నవాబుల షౌఖ్, మనకెందుకు?" అనేవాళ్లకి ఒక హిసాబ్ చెబుతాను. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బండ్లకి వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కారు, జీపు, మోటార్ సైకిల్ ఇందులోకి వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చెయ్యడానికి 20,000, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000 రూపాయలు. పదేళ్లు చెల్లుతుంది. నంబర్‌లో వీఏ అనే అక్షరాలు వస్తాయి. షరతు ఏంటంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. వింటేజ్ కింద రిజిస్టర్ అయిన బండిని ర్యాలీలకి, ప్రదర్శనలకి, రిపేరుకి తప్ప రోజువారీగా తిప్పకూడదు, కిరాయికి అసలే తిప్పకూడదు. కాబట్టి రోజీ తెచ్చే జీపుని అందులో పెట్టమని చెప్పను. షెడ్డులో ఊరికే పడి ఉన్న 1960ల, 70ల బండి మీ ఇంట్లో ఉంటే మాత్రం తూకానికి వేసేముందు ఒక్కసారి నంబర్ వెతికి చూడండి. నంబర్ ఉంటే అది జాయిదాద్. లేకపోతే కిలోల లెక్కే.

ఈ జుమా నమాజ్ అయ్యాక తీరిక దొరికితే ఇంట్లో కుర్రాళ్లని, ఆడపిల్లల్ని కూడా పిలిచి, టార్చి, కిరోసిన్ గుడ్డ, పెన్సిల్ చేతికిచ్చి బండి దగ్గరికి తీసుకెళ్లండి. ఫోన్లలో బండ్లు చూసే పిల్లలకి అసలు బండి కింద ఏముందో తెలుస్తుంది. దొరికిన నంబర్‌ని రెండు కాగితాల మీద తియ్యండి. ఒకటి సి-బుక్కులో పెట్టండి. రెండోది నికాహ్‌నామా, పొలం పాస్‌బుక్కు ఉండే పెట్టెలో పెట్టండి. వెనక తారీఖు వేసి, ఎవరు తీశారో రాయండి. మన తర్వాతివాళ్లు దాని కోసం గొడవపడకుండా పంచుకుంటారు, ఇన్షా అల్లాహ్.

ఖుదా హాఫిజ్.